స్కీమాటిక్‌లో పిన్నుల దగ్గర బాణాలు: ఎవరి వైపు నుంచి చదవాలి?

గట్టుమీద_మల్టీమీటర్ (భీమవరం)

అందరికీ నమస్కారమండీ. మాది రొయ్యల చెరువుల కంట్రోల్ ప్యానెళ్లు బాగుచేసే షాపు. స్టార్టర్లు, కాంటాక్టర్లు, ఏరియేటర్ టైమర్ల వరకు ఇబ్బంది లేదు. ఈ మధ్య డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) మానిటర్ బోర్డులు కూడా రిపేరుకి వస్తున్నాయి. ఇప్పుడు బల్ల మీద ఉన్నదాంట్లో ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్, సెన్సార్ల ఆర్ఎస్485 లైన్‌తో మాట్లాడే మాక్స్485 చిప్, రిలేల కోసం యూఎల్‌ఎన్2003, సప్లై పడిపోతే కనిపెట్టడానికి ఎల్‌ఎం393 ఉన్నాయి. ఈ బోర్డు తగిలించగానే ఆ లైన్ మీదున్న మిగతా చెరువుల సెన్సార్లు కూడా మాట్లాడటం మానేస్తున్నాయి. బోర్డు తీసేస్తే అవన్నీ మామూలుగానే పనిచేస్తున్నాయి.

స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) పీడీఎఫ్ దొరికింది. కానీ అందులో గుర్తులు చూస్తే బుర్ర తిరుగుతోంది. కొన్ని పిన్నులకి బాణం లోపలికి ఉంది, కొన్నిటికి బయటికి. కొన్నిటికి చిన్న సున్నా, ఒకదానికి డైమండ్, ఇంకోదానికి తలకిందులుగా ఉన్న త్రికోణం. పేజీ అంచుల్లో జెండాల్లాంటి పోర్టులున్నాయి, కొన్నిటికి ఒక పక్క మొన, కొన్నిటికి రెండు పక్కలా. 'టీఎక్స్' (పంపే డేటా) అని రాసిన వైరు పోయి 'ఇన్' అనే పిన్ను దగ్గర కలుస్తోంది. అది తప్పా, సరైనదేనా? వీటిని ఏ వరసలో చదవాలో ఎవరైనా ఓపిగ్గా చెప్పగలరా?

పాలకొల్లు_సోల్డర్

తమ్ముడూ, ముందు ఒక్క సంగతి పట్టుకో. పిన్ను పక్కన ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని ఉంటే అది ఆ చిప్ వైపు నుంచి చెప్పిన మాట. బోర్డు వైపు నుంచి కాదు, ఈఎస్‌పీ32 వైపు నుంచి కాదు.

నీ మాక్స్485నే తీసుకో. 1వ పిన్ను ఆర్ఓ, అంటే రిసీవర్ అవుట్‌పుట్. లైన్ మీద వచ్చిన డేటాని చిప్ దీంట్లోంచి బయటికి ఇస్తుంది. కాబట్టి అది ఈఎస్‌పీ32 ఆర్ఎక్స్‌కి, అంటే డేటా అందుకునే పిన్నుకి పోవాలి. 4వ పిన్ను డీఐ, డ్రైవర్ ఇన్‌పుట్. ఈఎస్‌పీ32 టీఎక్స్ నుంచి వచ్చేది ఇందులోకి దిగుతుంది. అంచేత టీఎక్స్ వైరు 'ఇన్' పిన్ను దగ్గర కలవడం సరైనదే. 6, 7 పిన్నులు ఏ, బీ. వాటి మీద డేటా రెండు వైపులా నడుస్తుంది కాబట్టి రెండు మొనల గుర్తు. 8 వీసీసీ, 5 గ్రౌండ్. 2, 3 పిన్నుల సంగతి వేరే చెప్పుకోవాలి. నీ తంటా అక్కడే ఉంటుందని నా అనుమానం.

లాకులవీధి (ధవళేశ్వరం)

పాలకొల్లు వారు చెప్పింది మన డెల్టా వాళ్లకి కొత్తేమీ కాదు. పంట కాలువ గట్టున తూము ఉంటుంది. కాలువ వైపు నుంచి చూస్తే అది నీళ్లు బయటికి పోయే దారి, చేను వైపు నుంచి చూస్తే నీళ్లు వచ్చే దారి. తూము ఒకటే, నీళ్లు ఒకటే. ఎవరి లెక్క రాస్తున్నామన్నదే తేడా. ఒక పిన్ను అవుట్‌పుట్ అయితే ఆ వైరు రెండో కొసన ఉన్నది ఇన్‌పుట్ అవుతుంది. రెండు కొసలూ అవుట్‌పుట్ అని రాసి ఉంటే అక్కడ ఆగి చూడాలి.

నేను ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను. పాత పద్ధతి ఒకటి చెబుతాను. ఐట్రిపుల్ఈ 91 అని 1984 నాటి ప్రమాణం ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ పాత 74 సిరీస్ డేటాషీట్లలో లాజిక్ సింబల్ కింద ఆ ప్రమాణం పేరు రాసి ఉంటుంది. దాని ప్రకారం సిగ్నల్ ఎడమ నుంచి కుడికి నడుస్తుందని ముందే ఒప్పుకున్నట్టు. అంటే ఎడమ పక్క పిన్నులు ఇన్‌పుట్లు, కుడి పక్కవి అవుట్‌పుట్లు. అలా నడిచినంతసేపూ బాణం అవసరమే లేదు. సిగ్నల్ ఎదురు నడిచేచోటా రెండు వైపులా నడిచేచోటా మాత్రమే లైను మీద బాణం వేస్తారు. బాణం కనబడలేదని ఆ పిన్నుకి దిశ లేదనుకోవద్దు బాబూ.

గట్టుమీద_మల్టీమీటర్ (భీమవరం)

మాస్టారూ, తూము లెక్క బాగా తలకెక్కింది. సోల్డర్ అన్నా, ఇంకో అనుమానం. నా స్కీమాటిక్‌లో వైరు పేర్లు 'ఆర్ఎస్485_టీఎక్స్', 'ఆర్ఎస్485_ఆర్ఎక్స్' అని ఉన్నాయి. పిన్ను పేరు చిప్ వైపు నుంచి అన్నారు కదా, మరి వైరు పేరు ఎవరి వైపు నుంచి?

కోనసీమ_బోర్డ్స్ (అమలాపురం)

దీనికి నేను చెబుతానండీ, పీసీబీ డిజైన్ నా రోజువారీ పని.

వైరు పేరుకి రూలు లేదు. గీసినవాళ్ల ఇష్టం. ఎక్కువమంది మైక్రోకంట్రోలర్ వైపు నుంచే పెడతారు, కాబట్టి 'టీఎక్స్' అంటే కంట్రోలర్ పంపేది. కానీ దాన్ని గుడ్డిగా నమ్మలేం. ఈ గొడవ సీరియల్ పోర్టుల కాలం నుంచీ ఉన్నదే. ఆర్ఎస్-232లో కంప్యూటర్ వైపుని డీటీఈ, మోడెమ్ వైపుని డీసీఈ అంటారు. పేర్లన్నీ డీటీఈ వైపు నుంచి పెట్టారు. అంచేత మోడెమ్ మీద టీఎక్స్‌డీ అని రాసిన పిన్ను మోడెమ్‌కి ఇన్‌పుట్.

ఇది పాత కథ అనుకోవద్దు. చెరువుల దగ్గర ఎస్సెమ్మెస్ అలారాలకి వాడే జీఎస్‌ఎం మాడ్యూళ్లలో ఇప్పటికీ ఉంది. సిమ్‌కామ్ సిమ్800లో టీఎక్స్‌డీ పిన్ను మాడ్యూల్ నుంచి బయటికి వచ్చే డేటా. యూ-బ్లాక్స్ సారా మాడ్యూళ్లలో అదే పేరున్న పిన్ను మాడ్యూల్‌లోకి వెళ్లే డేటా. పేరొకటే, దిశ ఎదురు. ఒకదాని స్కీమాటిక్ చూసి రెండోదాన్ని పెట్టేస్తే మాడ్యూల్ ఉలకదు పలకదు. ఎదురెదురుగా రెండు అవుట్‌పుట్లు గుద్దుకుంటాయి కూడా.

అందుకే నేను టీఎక్స్, ఆర్ఎక్స్ అని ఒంటి పేరు పెట్టను. 'ఎంసీయూ_టీఎక్స్' అని పెడతాను. చిప్‌ల మధ్య డేటా నడిపే ఎస్‌పీఐలో మోసీ (మాస్టర్ అవుట్, స్లేవ్ ఇన్), మీసో (మాస్టర్ ఇన్, స్లేవ్ అవుట్) అని పేర్లు పెట్టుకోవడం వల్ల ఈ బాధ లేదు. ఎవరి నుంచి ఎవరికో పేరులోనే ఉంది. మోసీ మోసీకే, మీసో మీసోకే కలపాలి.

ఆకివీడు_ఆక్వా

నేను రైతునండి, చెరువులే మా పని. బోర్డులు కొంచెం చూడటం నేర్చుకున్నాను. నాకు అనిపించేది ఏంటంటే, బాణాలూ గీతలూ చూస్తూ కూర్చోవడం ఎందుకు? డేటాషీట్‌లో పిన్నుల టేబుల్ ఉంటుంది కదా. ఇన్‌పుట్‌కి 'ఐ', అవుట్‌పుట్‌కి 'ఓ', రెండూ అయితే 'ఐ/ఓ', పవర్‌కి 'పీ' అని స్పష్టంగా ఉంటుంది. స్కీమాటిక్ ఎవరో గీసింది. చిప్ చేసినవాడు రాసింది వదిలేసి గీసినవాడి బాణం నమ్మడం దేనికి?

పాలకొల్లు_సోల్డర్

ఆకివీడు గారూ, సగం ఒప్పుకుంటాను. రెండూ తేడాగా ఉంటే డేటాషీట్‌దే ఆఖరి మాట. అందులో వాదన లేదు.

కానీ రిపేర్ చేసేవాడికి బాణం ఇచ్చేది వేరే సమాచారం. ఈఎస్‌పీ32 జీపీఐఓలు, అంటే ప్రోగ్రాంతో మనకి కావలసినట్టు వాడుకునే పిన్నులు, చాలావరకు 'ఐ/ఓ' అనే ఉంటాయి టేబుల్‌లో. ఈ బోర్డులో ఆ పిన్నుని ఇన్‌పుట్‌గా వాడారా, అవుట్‌పుట్‌గా వాడారా అన్నది టేబుల్ చెప్పదు. స్కీమాటిక్‌లో పోర్టు బాణమే చెబుతుంది. ప్రోబ్ పెట్టేముందు ఈ వైరుని ఎవరు నడుపుతున్నారో తెలియాలి. తెలియకపోతే కొలిచిన వోల్టేజీ సరైందో కాదో ఎలా తేలుస్తాం?

కోనసీమ_బోర్డ్స్ (అమలాపురం)

ఇద్దరూ చెప్పింది కలిపితే సరిపోతుంది. స్కీమాటిక్‌లో దిశ మూడు చోట్ల ఉంటుంది, మూడూ వేరువేరు. పిన్ను మీద కనబడే ఆకారం ఒకటి. అది బొమ్మ మాత్రమే. సాఫ్ట్‌వేర్ లోపల ఆ పిన్నుకి ఇచ్చిన ఎలక్ట్రికల్ టైప్ రెండోది, పీడీఎఫ్‌లో చాలాసార్లు కనబడదు. మూడోది పోర్టు లేదా లేబుల్ జెండా. కీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గ్లోబల్ లేబుల్ జెండా ఆకారం ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కి మార్చినా కనెక్షన్ ఏమీ మారదు, చదివేవాళ్ల కోసమే. పిన్ను టైప్ మారిస్తే మాత్రం ఈఆర్‌సీ, అంటే రూల్స్ చెకింగ్, వేరేగా మాట్లాడుతుంది.

పేజీల మధ్య నడిచే జెండాలు ఆ పేజీ వైపు నుంచి చదవాలి. లోపలి షీట్‌లో ఇన్‌పుట్ అని పెట్టిన లేబుల్, పై షీట్‌లో ఆ డబ్బా అంచున కూడా ఇన్‌పుట్‌గానే ఉంటుంది. సిగ్నల్ డబ్బాలోకి పోతోందని అర్థం. పై షీట్ వైపు నుంచి తిరగేసి చదివితే అంతా తలకిందులవుతుంది.

ఆకివీడు గారి టేబుల్‌కి ఒక మంచి ఉదాహరణ కూడా చెబుతాను. ఈఎస్‌పీ32లో జీపీఐఓ 34 నుంచి 39 వరకు టేబుల్‌లో 'ఐ' అని మాత్రమే ఉంటుంది. అవి ఇన్‌పుట్‌కే పనికొస్తాయి, వైరుని హైలోనో లోలోనో పట్టి ఉంచే పుల్-అప్, పుల్-డౌన్ రెసిస్టర్లు కూడా లోపల లేవు. మా దగ్గరికి వచ్చిన ఒక బోర్డులో రిలే వైరుని 34కి మార్చి గీశారు. ప్రోగ్రాంలో ఎన్నిసార్లు ఆన్ అని రాసినా రిలే టిక్కుమనదు. సింబల్‌లో ఆ పిన్నుకి రెండు మొనల గుర్తు పెట్టి ఉంది. లైబ్రరీ సింబల్ తప్పు, డేటాషీట్ ఒప్పు.

గట్టుమీద_మల్టీమీటర్ (భీమవరం)

అర్థమవుతోందండీ. ఇక ఆ సున్నా, తలకిందుల త్రికోణం, డైమండ్ సంగతి చెప్పండి. మాక్స్485 ఆర్ఈ పిన్ను మీద సున్నా ఉంది, పేరు పైన గీత కూడా ఉంది. ఆర్ఓ పక్కన తలకిందుల త్రికోణం ఉంది.

లాకులవీధి (ధవళేశ్వరం)

సున్నా అంటే దిశ కాదు బాబూ. ఇన్‌పుట్ పిన్ను మీద సున్నా ఉంటే, ఆ పిన్ను కిందికి దిగినప్పుడు, అంటే లో అయినప్పుడు పని మొదలవుతుందని. పేరు మీద గీత, పేరు చివర 'ఎన్' అక్షరం, పేరు ముందు స్లాష్, చివర హ్యాష్ గుర్తు, అన్నీ అదే చెబుతాయి. అవుట్‌పుట్ మీద సున్నా ఉంటే లోపల తేలిన ఫలితం తిరగబడి బయటికి వస్తుందని. చిప్ డబ్బా లోపలి అంచున పిన్నుకి ఆనుకుని చిన్న త్రికోణం మొన లోపలికి ఉంటే అది క్లాక్. 74హెచ్‌సీ595లో 11, 12 పిన్నుల దగ్గర అది చూడొచ్చు. అదే చిప్‌లో 13వ పిన్ను ఓఈ (అవుట్‌పుట్ ఎనేబుల్), దాని మీద సున్నా. దాన్ని గ్రౌండ్‌కి కలిపితేనే అవుట్‌పుట్లు పనిచేస్తాయి.

తలకిందులుగా ఉన్న త్రికోణం ట్రై-స్టేట్. హై, లో కాకుండా మూడో స్థితి ఉందని. ఆ స్థితిలో చిప్ ఆ వైరుని వదిలేస్తుంది. పిన్ను ఉన్నా లేనట్టే.

పాలకొల్లు_సోల్డర్

మాస్టారు చెప్పిన రెండు గుర్తులూ నీ బోర్డులో కలిసే పనిచేస్తున్నాయి తమ్ముడూ, జాగ్రత్తగా చదువు.

2వ పిన్ను ఆర్ఈ (రిసీవర్ ఎనేబుల్), సున్నా ఉంది, అంటే లో అయితే రిసీవర్ ఆన్. 3వ పిన్ను డీఈ (డ్రైవర్ ఎనేబుల్), సున్నా లేదు, అంటే హై అయితే డ్రైవర్ ఆన్. ఈ రెండూ సామాన్యంగా ఒకే వైరుకి కలిపేస్తారు. ఆ వైరు లో ఉంటే చిప్ వింటుంది, హై ఉంటే చిప్ మాట్లాడుతుంది. రెండూ ఒకేసారి జరగవు. వైరు హై అయినప్పుడు రిసీవర్ ఆగిపోతుంది, ఆర్ఓ పిన్ను చేతులు వదిలేస్తుంది. అందుకే దాని పక్కన ఆ త్రికోణం. చాలా స్కీమాటిక్‌లలో ఆర్ఓని ఉత్త అవుట్‌పుట్‌గా గీసేస్తారు, నీ బోర్డు గీసినవాళ్లు శ్రద్ధగా గీశారు. ఆర్ఓ నుంచి పైకి ఒక పుల్-అప్ రెసిస్టర్ ఉందేమో చూడు. చిప్ మాట్లాడేటప్పుడు ఈఎస్‌పీ32 ఆర్ఎక్స్ గాల్లో తేలకుండా పట్టుకునేది అదే.

ఇప్పుడు నీ ఫాల్ట్. నీ బోర్డు తగిలిస్తే మిగతా సెన్సార్లన్నీ మూగబోతున్నాయన్నావు. అంటే ఈ చిప్ ఎప్పుడూ మాట్లాడే స్థితిలోనే ఉండిపోయి లైన్ పట్టేసుకుంటోందనిపిస్తోంది. ఊరికే ఉన్నప్పుడు 2, 3 పిన్నులకీ గ్రౌండ్‌కీ మధ్య ఎంత వస్తోందో చూడు. లో ఉండాలి. ఏ, బీల మధ్య కూడా చూడు. ఎవరూ మాట్లాడనప్పుడు అక్కడ బయాస్ రెసిస్టర్లు ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీ మాత్రమే ఉంటుంది. డ్రైవర్ ఆన్‌లో ఉంటే 1.5 వోల్టులు దాటి గట్టిగా నిలబడుతుంది.

కొలిచేముందు ప్యానెల్ మెయిన్ ఆపి, బోర్డుకి వేరే 12 వోల్టుల సప్లై ఇచ్చుకో. పక్కనే స్టార్టర్‌లో 415 వోల్టులుంటాయి.

కొత్తపేట_బీటెక్

అక్కా, అన్నయ్యలూ, మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ట్రాన్సిస్టర్ ఎమిటర్ మీద బాణం, డయోడ్ బాణం కూడా సిగ్నల్ దిశేనా? ల్యాబ్ వైవాలో అడిగారు.

కోనసీమ_బోర్డ్స్ (అమలాపురం)

కాదమ్మా. అది కరెంటు దిశ, పీ నుంచి ఎన్ వైపు. ఎన్‌పీఎన్‌లో ఎమిటర్ బాణం బయటికి, పీఎన్‌పీలో లోపలికి. సిగ్నల్ సాధారణంగా బేస్ దగ్గర ఎక్కి కలెక్టర్ దగ్గర దిగుతుంది, అక్కడ ఏ బాణమూ ఉండదు. ఈ రెంటినీ విడిగా ఉంచుకుంటే డైమండ్ గుర్తు తేలిగ్గా అర్థమవుతుంది.

డైమండ్, దాని కింద అడ్డగీత ఉంటే ఓపెన్ కలెక్టర్. చిప్ ఆ వైరుని కిందికి లాగగలదు, పైకి నెట్టలేదు. ఎల్‌ఎం393 అవుట్‌పుట్ ఇదే. పుల్-అప్ లేకుండా దాని మీద మీటర్ పెడితే ఎప్పటికీ హై కనబడదు, చిప్ పోయిందని తీసి పారేస్తారు. పాపం చిప్ బాగానే ఉంటుంది. ఇందులో లాభమూ ఉంది. ఎల్‌ఎం393కి 12 వోల్టుల సప్లై ఇచ్చినా, అవుట్‌పుట్ పుల్-అప్‌ని 3.3 వోల్టులకి కట్టుకుంటే ఈఎస్‌పీ32కి నేరుగా ఇచ్చేయొచ్చు.

యూఎల్‌ఎన్2003 ఇంకా బాగా చూపిస్తుంది. 1 నుంచి 7 ఇన్‌పుట్లు, 10 నుంచి 16 అవుట్‌పుట్లు. రిలే కాయిల్ ఒక కొస 12 వోల్టులకి, రెండో కొస 16వ పిన్నుకి. 1వ పిన్నుకి హై ఇస్తే 16వ పిన్ను కిందికి దిగుతుంది, కాయిల్ లోంచి కరెంటు వచ్చి ఆ పిన్నులోకి పోతుంది. పేరు అవుట్‌పుట్, కరెంటు మాత్రం లోపలికి. తప్పేమీ లేదు. నిర్ణయం బయటికి వస్తోంది, కరెంటు లోపలికి పోతోంది. పిన్ను దిశ చెప్పేది నిర్ణయం ఎవరిదన్నది. ఒక్కో పిన్ను 500 మిల్లీ ఆంపియర్ల వరకు తట్టుకుంటుంది. 9వ పిన్ను కామ్, దాన్ని 12 వోల్టులకి కట్టాలి. లోపలి డయోడ్లు కాయిల్ ఆగినప్పుడు తన్నే వోల్టేజీని అక్కడికి మళ్లిస్తాయి. దానికి ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ కుదరవు, పాసివ్ (ఏ దిశా లేనిది) అని పెట్టుకోవచ్చు.

ఆకివీడు_ఆక్వా

ఈ కరెంటు, నిర్ణయం వేరువేరు అన్నది బాగుందమ్మా. మా చెరువు మీద రిలే బోర్డు మార్చినప్పుడు టెక్నీషియన్ 'అవుట్‌పుట్‌లోంచి ప్లస్ రావడం లేదు' అని బోర్డు తిప్పి పంపించేశాడు. అది ప్లస్ ఇచ్చే రకమే కాదన్నమాట.

గట్టుమీద_మల్టీమీటర్ (భీమవరం)

సోల్డర్ అన్నా, కొలిచాను. 2, 3 పిన్నులు రెండూ కలిపే ఉన్నాయి, 5 వోల్టులకి దగ్గరగా నిలబడి ఉన్నాయి. ఏ, బీల మధ్య 2 వోల్టులకి పైనే ఉంది. చిప్ ఎప్పుడూ మాట్లాడే స్థితిలోనే ఉంది.

స్కీమాటిక్‌లో ఆ వైరుకి వెనక్కి వెళ్తే, ఈఎస్‌పీ32 జీపీఐఓ నుంచి బయటికి బాణం, అక్కడి నుంచి బేస్ రెసిస్టర్, ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్. దాని కలెక్టర్ నుంచి 2, 3 పిన్నులు. కలెక్టర్ నుంచి 5 వోల్టులకి 10 కిలో ఓమ్స్ పుల్-అప్. జీపీఐఓ దగ్గర కొలిస్తే 3.3 వోల్టులు వస్తోంది. అంటే ట్రాన్సిస్టర్ ఆన్ అయి పిన్నుల్ని కిందికి లాగాలి కదా? బేస్ దగ్గర ఏమీ రావడం లేదు.

పాలకొల్లు_సోల్డర్

బేస్ రెసిస్టర్ తెగింది. లేదా దాని సోల్డర్ లేచింది. సప్లై ఆపి రెసిస్టర్ రెండు కొసల మధ్యా ఓమ్స్ చూడు, తర్వాత ఒక్కో కొస నుంచి దాని ట్రాక్‌కి కంటిన్యుటీ చూడు. జీపీఐఓ సరిగ్గానే చెబుతోంది, ఆ మాట ట్రాన్సిస్టర్‌కి చేరడం లేదు. పుల్-అప్ ఒక్కటే మిగిలి ఆ వైరుని హై చేసేసింది.

గట్టుమీద_మల్టీమీటర్ (భీమవరం)

రెసిస్టర్ బాగానే ఉంది. ఈఎస్‌పీ32 వైపు ప్యాడ్‌కి పచ్చగా చిలుము పట్టి ట్రాక్ తెగింది. ఈ చెరువు ఉప్పు నీటిది, బోర్డు డబ్బాకి రబ్బర్ గాస్కెట్ కూడా లేదు. శుభ్రం చేసి, సన్న తీగతో జంపర్ వేశాను. పిన్నులు లో అయ్యాయి, మిగతా సెన్సార్లు మాట్లాడుతున్నాయి. ఈ బోర్డు సెన్సార్ కూడా రీడింగ్ ఇస్తోంది. ట్రాక్ మీద వార్నిష్ పూసి ఇచ్చేస్తాను. అందరికీ చాలా థాంక్స్ అండీ.

లాకులవీధి (ధవళేశ్వరం)

శుభం. ఒక మాట. ఈఎస్‌పీ32 పిన్నుకి 3.6 వోల్టులు దాటకూడదు. 5 వోల్టుల మీద నడిచే మాక్స్485 ఆర్ఓ పిన్ను 5 వోల్టులకి దగ్గరగా వదులుతుంది. ఆర్ఓ నుంచి ఆర్ఎక్స్‌కి వెళ్లే దారిలో వోల్టేజీ తగ్గించే రెండు రెసిస్టర్ల డివైడర్ ఉందేమో చూసుకో. టీఎక్స్ నుంచి డీఐకి వెళ్లే దారిలో అది అక్కర్లేదు, డీఐకి 2 వోల్టులు దాటితే హై కిందే లెక్క. డివైడర్ ఎటు పెట్టాలో దిశ తెలిస్తేనే తేలుతుంది. కొందరు రెండు దారుల్లోనూ పెట్టేస్తారు, అప్పుడు డీఐకి అందే హై అంచు మీదికి వచ్చి డేటా అప్పుడప్పుడూ తప్పుతుంది. కొత్త బోర్డు చేసుకుంటే 3.3 వోల్టుల మాక్స్3485 వాడితే ఈ బాధే లేదు.

గట్టుమీద_మల్టీమీటర్ (భీమవరం)

ఉంది మాస్టారూ, ఆర్ఓ దారిలోనే ఉంది.

కోనసీమ అక్కా, ఇంకొక్కటి. ఈ బోర్డునే కీక్యాడ్‌లో మళ్లీ గీసి పెట్టుకుందామని కూర్చున్నాను. అన్నీ సరిగ్గా కలిపినా ఈఆర్‌సీలో ఎర్రర్లు వస్తున్నాయి. పవర్ ఇన్‌పుట్ పిన్నుని ఏ పవర్ అవుట్‌పుట్ పిన్నూ నడపడం లేదంటోంది. 12 వోల్టులు కనెక్టర్ నుంచి వస్తున్నాయి కదా?

కోనసీమ_బోర్డ్స్ (అమలాపురం)

ఇది కొత్తగా గీసే ప్రతి ఒక్కరికీ వచ్చేదే. 12 నుంచి 5 వోల్టులు చేసే 7805 రెగ్యులేటర్ ఇన్‌పుట్ కాలుకి పవర్ ఇన్‌పుట్ అని టైప్ ఉంటుంది. ఆ వైరు మీద ఎక్కడో ఒక పవర్ అవుట్‌పుట్ ఉండాలని సాఫ్ట్‌వేర్ వెతుకుతుంది. మీ 12 వోల్టుల కనెక్టర్ పిన్నులు పాసివ్. కనెక్టర్‌కి అవతల అడాప్టర్ ఉందని దానికి ఎలా తెలుస్తుంది? ఆ వైరు మీద పవర్ ఫ్లాగ్ సింబల్ ఒకటి పెట్టండి, గ్రౌండ్ మీద ఇంకోటి పెట్టండి. 7805 తర్వాత 5 వోల్టులకి అక్కర్లేదు, దాని అవుట్‌పుట్ కాలు పవర్ అవుట్‌పుట్‌గానే ఉంటుంది. మధ్యలో ఫ్యూజో, డయోడో వస్తే వాటి కాళ్లు కూడా పాసివే కాబట్టి, వాటి అవతలి వైరుకి మళ్లీ ఫ్లాగ్ కావాలి.

ఎర్రర్ పోవట్లేదని సింబల్ తెరిచి పిన్నులన్నీ పాసివ్‌గా మార్చేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పాసివ్ దేనితో కలిసినా సాఫ్ట్‌వేర్ నోరెత్తదు. రేపు రెండు అవుట్‌పుట్లు ఒకే వైరు మీద కలిసినా చెప్పదు. ఎర్రర్ కనబడకపోవడం, తప్పు లేకపోవడం ఒకటి కావు.

కొత్తపేట_బీటెక్

అక్కా, మరి మా మినీ ప్రాజెక్టులో ఒకే వైరు మీద మూడు డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సార్లు కలిపాం. మూడూ ఆ వైరు మీద మాట్లాడతాయి కదా. ఈఆర్‌సీ ఏమీ అనలేదు, ఎందుకని?

కోనసీమ_బోర్డ్స్ (అమలాపురం)

వాటి డీక్యూ పిన్నుకి బైడైరెక్షనల్ అని టైప్ ఉంటుంది కాబట్టి. లోపల అది ఓపెన్ డ్రెయిన్, ఇందాక చెప్పుకున్న డైమండ్ రకమే. ఎవరు మాట్లాడినా వైరుని కిందికే లాగుతారు, పైకి నెట్టేవాళ్లు లేరు. అందుకే ఎంతమంది కలిసినా గుద్దుకోరు. పైకి లేపే పని 4.7 కిలో ఓమ్స్ పుల్-అప్‌ది. ఐటూసీ బస్‌లో ఎస్‌డీఏ (డేటా), ఎస్‌సీఎల్ (క్లాక్) వైర్లు కూడా ఇలాగే. మీ స్కీమాటిక్‌లో ఆ పుల్-అప్ ఉందో లేదో ఈఆర్‌సీ చూడదు. అది మీరే చూసుకోవాలి.

కొత్తపేట_బీటెక్

ఉందక్కా, 3.3 వోల్టులకి కట్టాం.

గట్టుమీద_మల్టీమీటర్ (భీమవరం)

ఫ్లాగులు పెట్టాను, 12 వోల్టుల ఎర్రర్, గ్రౌండ్ ఎర్రర్ పోయాయి. ఒకటి మిగిలింది. ఆర్ఓ పిన్ను ఎల్‌ఎం393 అవుట్‌పుట్ వైరుతో కలిసిందని చూపిస్తోంది. రెండిటికీ 'ఆర్ఎక్స్' అని ఒకే లేబుల్ పడింది.

పాలకొల్లు_సోల్డర్

అది ఫ్లాగుతో పోయేది కాదు తమ్ముడూ, నిజంగా కలిసిపోయాయి. ఎల్‌ఎం393 వైరుకి 'సప్లై_ఫెయిల్' అని వేరే పేరు పెట్టి, దాని జెండాని ఈఎస్‌పీ32 వైపు ఇన్‌పుట్‌గా తిప్పు.